ఇంటర్ పరీక్షలు, తెల్లవారుజామున వాంతులు, ఫలితాల రోజు: ఒక మేనమామ ప్రశ్నకు సమాధానం

మీ ప్రశ్న చదవని వారి కోసం దాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీరు రాజోలు ప్రాంతంలో రొయ్యల చెరువులు చేస్తున్నారు. మీ అక్కగారు ఏడేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తూ డబ్బు పంపుతున్నారు. మేనకోడలు మీ ఇంట్లోనే పెరిగింది. పదో తరగతిలో 600కు 571 తెచ్చుకున్న ఆ అమ్మాయి ఇప్పుడు ఒక రెసిడెన్షియల్ కళాశాలలో బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. సంక్రాంతి సెలవులు అయి హాస్టల్‌కు తిరిగి వెళ్లినప్పటి నుంచి, వారాంతపు పరీక్ష ఉన్న రోజు తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతులు వస్తున్నాయి. రక్తపరీక్షలు, స్కానింగ్ అన్నీ బాగానే ఉన్నాయి. కళాశాలవారు అది నటన అంటున్నారు. థియరీ పరీక్షలకు ఇంకా మూడు వారాలుంది. ఇంటికి తీసుకురావాలా, అలాగే ఉంచాలా, ఇది పెద్ద జబ్బుకు దారితీస్తుందా అని మీరు అడిగారు.

ఇంటికి తీసుకురండి, అదీ ఈ వారమే. నేను ఇరవై రెండేళ్లుగా గోదావరి డెల్టాలో మానసిక వైద్యం చేస్తున్నాను. పిల్లను చూడకుండా జబ్బు పేరు చెప్పడం నాకు ఇష్టం లేదు గానీ, ఈ ఒక్క విషయంలో చూడనవసరం లేదు. ఎందుకో కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా నటన సంగతి. నొప్పి ఆదివారం రావడం లేదు, పరీక్ష లేని రోజు రావడం లేదు, పరీక్ష రోజు తెల్లవారుజామునే వస్తోంది కాబట్టి అది కల్పితమని కళాశాలవారి వాదన. వైద్యుడు అదే వివరాన్ని చూసి దీనికి పూర్తిగా భిన్నమైన నిర్ణయానికి వస్తాడు. భయం కలిగినప్పుడు మెదడు అడ్రినలిన్, కార్టిజాల్ వంటి హార్మోన్లను విడుదల చేయిస్తుంది. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులకు చెమట పడుతుంది, జీర్ణాశయం కదలికలు మారిపోతాయి. కార్టిజాల్ మామూలుగానే తెల్లవారుజామున ఎక్కువగా ఉంటుంది. ఆ సమయానికి పరీక్ష భయం కూడా తోడైతే ఖాళీ కడుపు తిరగబడడంలో వింతేమీ లేదు. నొప్పి నిజమైనది, వాంతి నిజమైనది. వాటికి కారణం మాత్రం స్కానింగ్‌లో కనపడేది కాదు. అయితే బరువు బాగా తగ్గినా, వాంతిలో రక్తం కనిపించినా, నొప్పికి రాత్రి నిద్రలోంచి లేచి కూర్చుంటున్నా ఈ మాటలు పక్కనపెట్టి జీర్ణకోశ వైద్యుడికి చూపించండి.

మీరు చెరువు చేసేవారు కాబట్టి ఒక పోలిక చెబుతాను. మేత వేసిన రెండు గంటలకు, రొయ్యలు తిన్నాయో లేదో చూసే పళ్లెం, అదే చెక్ ట్రే, పైకి లాగితే మేత అలాగే మిగిలి ఉందనుకోండి. రొయ్య నటిస్తోందని మీరు అనుకోరు. నీటిలో ఆక్సిజన్ తగ్గిందా, అడుగున మట్టి చెడిందా, పొర విడుస్తోందా అని చూస్తారు, నీటిలో గాలి కలిపే ఏరియేటర్ వేస్తారు. మీ అమ్మాయి విషయంలో వాంతి ఆ చెక్ ట్రే వంటిది. నీరు ఎక్కడ చెడిందో చూడకుండా అందరూ ట్రేనే తిడుతున్నారు.

చెడే మొదటి చోటు నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. నా దగ్గరకు వచ్చే హాస్టల్ పిల్లల దినచర్య తెల్లవారుజామున ఐదింటికి మొదలై రాత్రి పదిన్నర, పదకొండు స్టడీ అవర్‌తో ముగుస్తుంది. పరీక్షల ముందు ఆ పదకొండు పన్నెండున్నర అవుతుంది. పగలు చదివినది జ్ఞాపకంగా స్థిరపడే పనిలో పెద్ద భాగం నిద్రలోనే జరుగుతుంది కాబట్టి, నిద్ర కోసుకుని చదివిన రెండు గంటలు లాభం కాదు, అప్పు. నాలుగు వారాల పాటు ఐదారు గంటలే పడుకున్న పిల్లలకు చిన్న మాటకే కన్నీళ్లు వస్తాయి, చదివిన పేరానే నాలుగుసార్లు చదువుతారు, చివరికి తన బుర్ర పాడైపోయిందని భయపడతారు. ఆ భయంతో మరో గంట నిద్ర మానుకుంటారు. ఈ చక్రంలో చిక్కుకున్న పిల్లలను, వేరే మందేమీ లేకుండా, పది రోజులు సరిగ్గా నిద్రపోనిచ్చి సగం బాగుపడగా చూశాను.

అంతమాత్రాన ఒత్తిడి అసలే వద్దని కాదు. కొంత ఉద్వేగం పనిని మెరుగుపరుస్తుందనీ, అది హద్దు దాటితే పని చెడుతుందనీ యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1908లోనే చెప్పారు. హాలు బయట హాల్ టికెట్ పట్టుకుని నిలబడ్డ పిల్లల చేతులు కాస్త వణకడం ఆరోగ్యకరమే. మీ అమ్మాయి ఆ హద్దు దాటింది.

రెండో చోటు, నా అనుభవంలో నిద్ర కంటే లోతైనది, ఆ మార్కుకు మనం కట్టిన బరువు. పరీక్ష అనేది మూడు గంటల పని. మన డెల్టాలో దాని మీద ఒక కుటుంబం మొత్తం కూర్చుంటుంది. కోనసీమ నుంచి, పాలకొల్లు, నరసాపురం వైపుల నుంచి గల్ఫ్ వెళ్లిన తల్లుల పిల్లలను నేను వందల సంఖ్యలో చూశాను. వారికి చదువు గురించి ఎవరు ఏ మాట చెప్పినా అది ఒకే వాక్యంతో ముగుస్తుంది: "మీ అమ్మ అక్కడ ఎంత కష్టపడుతోందో గుర్తుంచుకో." మాట తప్పు కాదు, చెప్పేవారి ప్రేమా తప్పు కాదు. కానీ ఆ వాక్యాన్ని ఏడేళ్లు విన్న పిల్లకు జువాలజీ పేపరులో పోయిన ఆరు మార్కులు తల్లి చేసిన ఆరు నెలల చాకిరీగా కనిపిస్తాయి. పదో తరగతిలో 571 రావడం దీన్ని తేలిక చేయదు, మరింత బిగిస్తుంది. మొదటి నుంచీ సగటు మార్కులతో నెట్టుకొచ్చే పిల్లల కంటే, ఎప్పుడూ మంచి మార్కులు తెచ్చుకుని మొదటిసారి వెనకబడిన పిల్లలే నా దగ్గరకు ఎక్కువగా వస్తారు.

దీనికి తోడు బ్యాచ్‌ల పద్ధతి. వారాంతపు పరీక్షలో వచ్చిన మార్కులను బట్టి పిల్లలను పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కు మార్చడం, ర్యాంకుల జాబితా మెస్ గోడకు అంటించడం, చివరి పదిమందిని నిలబెట్టి పేర్లు చదవడం చాలాచోట్ల మామూలైపోయింది. మీ మేనకోడలిని సంక్రాంతి తర్వాత సెక్షన్ మార్చారేమో అడగండి. మార్చారంటే నాకు ఆశ్చర్యం ఉండదు. సెక్షన్ మారితే గది మారుతుంది, స్నేహితురాలు మారుతుంది, కొన్నిచోట్ల చెప్పే అధ్యాపకుడు కూడా మారతాడు. కిందికి దిగిన పిల్లకు మిగిలే సందేశం ఒక్కటే, తన మీద ఇక ఎవరికీ ఆశ లేదని. 2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో, దేశమంతటికీ వర్తించే పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం, పిల్లల శక్తికి మించిన లక్ష్యాలు మోపడం మానుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనపడేలా రాయాలని కూడా ఉంది. ప్రిన్సిపాల్‌తో మాట్లాడేటప్పుడు ఈ తీర్పును మర్యాదగా ప్రస్తావించండి. గొడవ పెట్టుకోనక్కరలేదు, తీర్పు సంగతి మీకు తెలుసని వారికి తెలిస్తే చాలు.

ఆ బరువు ఎంత నిజమో లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే పిల్లలు నమ్మేదానికీ నిజానికీ ఇక్కడ చాలా తేడా ఉంది. ఇంటర్ పాసవడానికి నూటికి 35 కావాలి. నీట్ రాసి ఎంబీబీఎస్ సీటుకు పోటీపడాలంటే ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి జనరల్ వారికి 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీ వారికి 40 శాతం ఉంటే సరిపోతుంది. ర్యాంకు నీట్ 720 మార్కుల మీదే వస్తుంది, ఇంటర్‌లో 980 వచ్చినా 780 వచ్చినా ఆ ర్యాంకు మారదు. ఇంజనీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంటుంది, అది కొంత లెక్కలోకి వస్తుంది. ఫెయిలైతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి ఆ విద్యాసంవత్సరమే పై చదువుకు వెళ్లే దారి ఉంది. పిల్లలకు ఇవన్నీ తెలుసు. కానీ పెద్దవాళ్లు కూడా ఇది నమ్ముతున్నారని వారికి తెలియదు. మీ నోటితో, అంకెలతో సహా, ఒకసారి చెప్పి చూడండి.

ఆ అంకె కూడా దేవుడి అక్షరం కాదు. పక్క రాష్ట్రం తెలంగాణలో 2019 ఏప్రిల్ 18న వచ్చిన ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నట్లు వార్తలు వచ్చాయి. ప్రభుత్వం ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా తిరిగి పరిశీలింపజేయగా వెయ్యిమందికి పైగా పాసయ్యారు. మన ఆంధ్రప్రదేశ్ ఇంటర్ బోర్డులోనూ రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. రీవెరిఫికేషన్‌లో జవాబు పత్రం స్కాన్ చేసిన ప్రతి కూడా ఇస్తారు. ఫలితం వచ్చిన రోజున ఈ సంగతి వివరించబోతే ఏ పిల్లకూ చెవికెక్కదు, కాబట్టి ముందే చెప్పి ఉంచాలి.

పరీక్షలు రద్దయిన 2020, 2021 సంవత్సరాల్లో నేను ఇంకో సంగతి గమనించాను. పదో తరగతి పిల్లలు చాలామందిలో పరీక్ష భయం ఒక్క ప్రకటనతో పోయింది, తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. ఆ భయం ఎక్కడికీ పోలేదని 2022లో తెలిసింది. తొమ్మిదో తరగతిలో చాలా భాగం సిగ్నల్ లేని ఫోన్లలో చదివిన పిల్లలు ఒక్కసారిగా పూర్తి పరీక్ష రాశారు. జూన్ 6న వచ్చిన ఆ ఫలితాల్లో 67.26 శాతమే పాసయ్యారు, రెండు లక్షల మందికి పైగా ఫెయిలయ్యారు. ఆ నెలంతా మా ఓపీ బయట బల్లలు చాలలేదు. పరీక్షను తీసేస్తే పిల్లలు బాగుంటారనే వాదన అందుకే నాకు పూర్తిగా నచ్చదు. నిద్ర, తోడు, ఓడిపోయినా ఇంట్లో చోటు ఉందన్న నమ్మకం లేని పిల్లకు ఏ పరీక్షయినా ప్రమాదమే.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన విషయానికి వస్తాను. పెద్దలందరూ పరీక్షల ముందు జాగ్రత్తగా ఉంటారు: బాదం పప్పులు నానబెడతారు, టీవీ కట్టేస్తారు, హాలు దాకా బండి మీద దింపుతారు. చివరి పేపరు అయిన సాయంత్రం నుంచి అందరూ తమ పనుల్లో పడతారు. నాకు ఎక్కువ భయం ఆ తర్వాతి వారాల గురించే. పరీక్షల మధ్య పిల్లకు చేయడానికి పని ఉంటుంది, రేపటి పేపరు ఉంటుంది. అవి అయిపోయాక ఉండేది లెక్కలు వేసుకోవడమే. సరిగ్గా అదే సమయానికి మన దగ్గర దాళ్వా కోతలు వస్తాయి, చెరువుల్లో రొయ్యల పట్టుబడి వస్తుంది, ఇంట్లో పెద్దలు పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వస్తారు. పిల్ల ఒంటరిగా ఇంట్లో ఉంటుంది.

చాలా ఏళ్ల కిందట, వివరాలు కొంత మార్చి చెబుతున్నాను, అలాంటి రోజుల్లో ఒక తండ్రి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసిన కొడుకును నా దగ్గరకు తీసుకొచ్చాడు. ఆయనది కొబ్బరి ఒలుపు పని. ఎడమ అరచేయి బొటనవేలి కింద పగిలి ఉంది, దాన్ని మరో చేత్తో కప్పుకుని కూర్చున్నాడు. అబ్బాయి ఏమీ మాట్లాడలేదు. చాలాసేపటికి చొక్కా జేబులోంచి హాల్ టికెట్ తీశాడు. ఎనిమిది మడతలు పెట్టి పెట్టి మడతల దగ్గర చిరిగిపోతే టేపు అంటించి ఉంది. దాని వెనక పెన్సిలుతో కూడికలు. ఫిజిక్స్ 60 మార్కుల పేపరు, పాసవడానికి 21 కావాలి. మొదటి కూడిక 24 దగ్గర ఆగింది. దాని కింద మరో తేదీ వేసి 22, ఆ కింద 19, చివరిది 15. పేపరు మారలేదు, జవాబులు మారలేదు. మూడు వారాలు ఒంటరిగా కూర్చుని ఆ పిల్లవాడు తనకు తానే తొమ్మిది మార్కులు కోసుకున్నాడు. మరి డాక్టరు దగ్గరకు ఎందుకు తెచ్చావయ్యా అని తండ్రిని అడిగితే, "సైకిలు పక్కింటి కుర్రోడికి ఇచ్చేశాడండి, ఇంక నాకెందుకు అన్నాడండి" అన్నాడు. అబ్బాయికి చివరికి 18 వచ్చాయి, సప్లిమెంటరీలో పాసయ్యాడు. సైకిలు ఇచ్చేయడాన్ని ఆ తండ్రి గమనించకపోయి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు.

మీరు గమనించవలసినవీ అలాంటివే. ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, వచ్చే ఏడాది గురించి అసలు మాట్లాడకపోవడం, తాను లేకపోతే అందరికీ నయమన్న అర్థం వచ్చే మాటలు, చాలా రోజుల కలత తర్వాత హఠాత్తుగా వచ్చిన విపరీతమైన నెమ్మది. వీటిలో ఏది కనిపించినా సూటిగా అడగండి: "చచ్చిపోవాలని అనిపిస్తోందా అమ్మా?" అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం మనవాళ్లలో బలంగా ఉంది, అది నిజం కాదు, అడిగితే చాలామంది పిల్లలకు గుండె తేలికవుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. పొలం మందులు, చెరువు మందులు ఇంట్లో ఉంటే ఇప్పుడే తీసి వేరే చోట తాళం వేయించండి. ఇది అనుమానం ఉన్న ఇంటికే కాదు, పరీక్ష రాసే పిల్లలున్న ప్రతి ఇంటికీ చెబుతాను. పోలీసు కేసవుతుందని దాచిపెట్టే కుటుంబాలు ఇంకా ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం అటువంటి ప్రయత్నం చేసినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించాలి, వారిని శిక్షించకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఒక్క 2022లోనే దేశంలో 13,044 మంది విద్యార్థులు ఇలా చనిపోయినట్లు జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. అన్నింటికీ పరీక్షలే కారణం కాదు, అయినా ఇది పెద్ద అంకె.

ఈ మూడు వారాలు ఏం చేయాలంటే, ముందుగా మొదటి నాలుగైదు రోజులు పుస్తకం ఎత్తమని అనకండి. రాత్రి పదిన్నరకు దీపం ఆర్పించండి. వారం తర్వాత ఉదయం మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు చదివితే చాలు. పాత ప్రశ్నపత్రాన్ని ఇంట్లోనే, మార్కులు వేయకుండా, గడియారం పెట్టుకుని రాయనివ్వండి, భయం తగ్గడానికి అన్నిటికంటే పనికొచ్చేది అదే. తెల్లవారుజామున ఖాళీ కడుపున టీ మాన్పించి రెండు ఇడ్లీలు గానీ కాస్త పెరుగన్నం గానీ పెట్టండి. హాల్ టికెట్ కళాశాలవారు ఆపుతారని భయపడకండి. ఇటీవల అది బోర్డు వెబ్‌సైట్ నుంచీ, ప్రభుత్వ వాట్సాప్ సేవ మన మిత్ర నుంచీ నేరుగా దొరుకుతోంది. మందుల షాపులో ఎవరో ఇచ్చిన నిద్రమాత్ర మాత్రం వేయకండి. అల్ప్రజోలాం వంటివి భయాన్ని తగ్గించినట్టే తగ్గించి జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి, అలవాటు కూడా అవుతాయి. గుండె దడకు వాడే ప్రొప్రనలాల్ ఆస్తమా ఉన్న పిల్లలకు ప్రమాదం. ఇలాంటివి డాక్టరు చూసి రాస్తేనే వాడాలి.

పెద్ద జబ్బవుతుందా అన్నారు. ఇంటికి వచ్చి, నిద్రపోయి, తింటున్నా రెండు వారాలకు మించి దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఏడుపు ఉంటే దాన్ని డిప్రెషన్‌గా భావించి వైద్యం మొదలుపెట్టాలి. దానికి వాడే మాత్రలు పనిచేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. మాటల ద్వారా చేసే చికిత్సకు కూడా ఈ వయసు పిల్లలు బాగా స్పందిస్తారు. అవసరమైతే ఈ ఏడాది కొన్ని పేపర్లు వదిలి సప్లిమెంటరీలో రాయించడం కూడా ఒక దారే. అలా రాయించమని నేను చాలామందికి సలహా ఇచ్చాను.

చివరగా ఫలితాల రోజు. ఫలితాలు తరచుగా మన పగటి వేళ వస్తాయి. కువైట్‌లో గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక ఉంటుంది. ఆ సమయానికి మీ అక్కగారు పని చేసే ఇంట్లో ఉంటారు, రాత్రి దాకా ఫోన్ ఎత్తలేకపోవచ్చు. ఆ ఏడెనిమిది గంటలు తల్లి ఏమంటుందో తెలియకుండా ఆ పిల్ల కూర్చోకూడదు. కాబట్టి ఫలితాలకు ముందు శుక్రవారమే మీ అక్కగారి చేత ఒక వాయిస్ మెసేజ్ పంపించి మీ ఫోన్‌లో ఉంచుకోండి. అందులో మార్కుల మాట, తన కష్టం మాట రాకూడదు. ఈసారి సెలవుకు ఎప్పుడు వస్తున్నారో చెప్పి, వచ్చాక అంతర్వేది వెళదామో యానాం వెళదామో, ఏం వండిపెట్టమంటుందో అడగమనండి. ఆ రోజు మీరు చెరువు దగ్గరకు వెళ్లకుండా ఇంట్లో ఉండి, ఫలితం చూడకముందే దాన్ని వినిపించండి.